అమ్మోనియా: ఎడారి గుడి నుంచి వచ్చిన పేరు

ఇత్తడి గిన్నెకు కళాయి పూసేవారు దాన్ని కొలిమి మీద బాగా కాగనిచ్చి, లోపల నవాసారం అనే లవణపు పొడి చల్లి, తగరం తాకించి గుడ్డతో గబగబా రుద్దుతారు. అప్పుడు గుప్పున లేచే తెల్లని పొగ ముక్కుపుటాలను మండిస్తుంది. నవాసారం ఆ వేడికి అమ్మోనియాగానూ, హైడ్రోజన్ క్లోరైడ్‌గానూ విడిపోతుంది. ఈ రెండోది లోహం మీది చిలుమును తొలగించడం వల్లనే తగరం పాత్రకు పట్టుకుంటుంది. మొదటిదైన అమ్మోనియా పేరులో మాత్రం ఈజిప్టు దేవుడొకడు ఉన్నాడు.

ఆయన అమున్, అంటే దాగి ఉన్నవాడు. గ్రీకులు ఆయనను అమ్మోన్ అని పిలిచి, తమ జ్యూస్ దేవుడితో ఒకటిగా భావించి, పొట్టేలు కొమ్ములతో చిత్రించారు. (ఆ కొమ్ముల పోలికతోనే సుడి తిరిగిన శిలాజాలకు అమ్మొనైట్లన్న పేరు వచ్చింది, గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు చాలావరకు అవే.) ఈజిప్టు పడమటి ఎడారిలో, సివా ఒయాసిస్సులో ఉన్న ఆయన గుడికి క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ స్వయంగా వెళ్లాడు. ఆ ప్రాంతపు ఉప్పుకు అమ్మోన్ పేరే పడింది. అయితే క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమన్ రచయిత ప్లినీ ఆ ఉప్పు ఇసుక కింద దొరుకుతుందనీ, ఆ పేరు ఇసుకను బట్టి వచ్చిందనీ రాశాడు. గ్రీకులో ఇసుకను అమ్మోస్ అంటారు. ఆయన వర్ణన చూస్తే అది నవాసారం కాదనీ, రాతి ఉప్పేననీ తోస్తుంది.

అంటే పేరు ముందు పుట్టి, ఆ తర్వాత వేరొక పదార్థాన్ని చేరింది. అరబ్బు రసవాదులు నుషాదిర్ అని పిలిచిన లవణానికి మధ్యయుగపు ఐరోపా ఈ పాత పేరు తగిలించింది. ఆ లవణమే మన నవాసారం, పేరు కూడా నుషాదిర్‌కు దగ్గరి చుట్టమే. ఈజిప్టులో పిడకల పొయ్యిల నుంచి గీకి తెచ్చిన మసిని గాజు పాత్రల్లో రోజుల తరబడి కాచేవారు; ఆవిరై లేచిన లవణం పాత్ర పైభాగాన తెల్లని బిళ్లగా పేరుకునేది. ఇటుకలు కాల్చేటప్పుడు పుట్టే తెల్లని, తేలికైన లవణమని రసరత్నసముచ్చయం అనే సంస్కృత రసశాస్త్ర గ్రంథం నవాసారాన్ని వర్ణించింది.

నవాసారాన్ని సున్నంతో కలిపి వేడిచేస్తే వచ్చే వాయువు నీటిలో ఇట్టే కరిగిపోతుంది కాబట్టి, ఇంగ్లండు శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ దాన్ని పాదరసం మీద పట్టి, 1774 నాటికి క్షారవాయువుగా గుర్తించాడు. 1782లో స్వీడన్ శాస్త్రవేత్త టోర్బెర్న్ బెర్గ్‌మన్ ఆ వాయువుకు లవణం పేరు మీదుగానే అమ్మోనియా అని పేరు పెట్టాడు. తెలుగులో వాయువుకు ఆ మాటే స్థిరపడింది. లవణాన్ని మాత్రం కళాయి పూసేవారు నేటికీ నవాసారమనే అంటారు.