కాంచనబురి శ్మశానంలో తాత పేరు లేకపోతే: అపోహలు, వాస్తవాలు

పోయిన నెల కౌలాలంపూర్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. బస్సు దిగగానే థాయ్‌లాండ్‌లోని కాంచనబురి యుద్ధ శ్మశానం గేటు దగ్గరికి వెళ్లి రిజిస్టరు అడిగారు. ఎనభై దాటిన మామ్మగారు కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో పేజీ వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే తండ్రిని మలయాలోని (ఇప్పటి మలేసియా) పేరాక్ రబ్బరు ఎస్టేట్ నుంచి సయాంకి (ఇప్పటి థాయ్‌లాండ్) తీసుకెళ్లారట. అరగంట తర్వాత నా వైపు తిరిగి, "అయితే మా అయ్య ఇక్కడికి రానే లేదా అమ్మాయీ?" అన్నారు.

బ్యాంకాక్ నుంచి తెలుగు గ్రూపులను ఇక్కడికి తీసుకురావడం నా పని. థాయ్ గైడ్ చెప్పేది నేను తెలుగులో చెబుతాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: డెత్ రైల్వేలో (రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం కట్టించిన థాయ్-బర్మా రైలు మార్గం) పోయినవాళ్లంతా ఈ శ్మశానంలోనే ఉన్నారు. పేరు లేదంటే మనవాడు ఇక్కడ చనిపోలేదు.

కాదు. ఇది సైనికుల శ్మశానం. ఇక్కడున్న 6,982 మంది యుద్ధ ఖైదీలు. బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్ సైన్యాలవాళ్లు. ఎస్టేట్ కూలీ ఒక్కడు కూడా ఈ లెక్కలో లేడు.

థాయ్‌లాండ్‌లోని బాన్ పోంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయత్ దాకా 415 కిలోమీటర్ల లైను. జపాన్ సైన్యం 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరులో పూర్తి చేయించింది. అరవై వేలకు పైగా ఖైదీలు పనిచేస్తే పన్నెండు వేలకు పైగా చనిపోయారు. మలయా, బర్మా, జావాల నుంచి తెచ్చిన ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలు. వాళ్లలో పోయినవాళ్లు దాదాపు 90,000 అని అంచనా. అంచనా అనే అనాలి, ఎందుకంటే వాళ్ల పేర్లు ఎవరూ రాసి ఉంచలేదు. మలయా రబ్బరు తోటల నుంచి వెళ్లినవాళ్లలో తమిళులు ఎక్కువ, మన తెలుగువాళ్లూ ఉన్నారు. కొన్నాళ్ల పని, మంచి కూలి అని మొదట ఆశపెట్టారు. జనం రాకపోయేసరికి, ఉచిత సినిమా అని పిలిచి తలుపులు మూసి లారీలెక్కించిన సంగతులు కూడా ఉన్నాయి.

ఖైదీల్లో సైన్యం డాక్టర్లు ఉన్నారు. మందులు లేకపోయినా నీళ్లు కాచి తాగించారు, మరుగుదొడ్లు తవ్వించారు, చనిపోయినవాళ్ల జాబితాలు దాచిపెట్టారు. యుద్ధం ముగిశాక 1945లో సైన్యం బృందం ఆ జాబితాలు పట్టుకుని లైను వెంట తిరిగి సమాధులు గుర్తించింది. తర్వాత అస్థికలను తెచ్చి కాంచనబురి, చుంగ్‌కాయ్, తన్‌బ్యూజయత్ శ్మశానాల్లో చేర్చారు. కూలీల శిబిరాల్లో చాలాచోట్ల డాక్టరూ లేడు, జాబితా రాసేవాడూ లేడు. 1943 వానాకాలంలో కలరా వచ్చినప్పుడు అడవిలోనే పూడ్చారు, కాల్చారు. వాళ్ల కోసం వెతకడానికి ఏ సైన్యమూ తిరగలేదు.

కాబట్టి ఇక్కడ పేరు లేకపోవడం దేనికీ రుజువు కాదు. దయచేసి ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. "సయాంలో ఇంకో పెళ్లి చేసుకుని ఉండిపోయాడు" అనే పుకారు ఎన్ని ఇళ్లలో విన్నానో! ఆ మామ్మగారి తల్లి బొట్టు తియ్యాలో ఉంచుకోవాలో తెలియక, ఊళ్లోవాళ్ల మాటలు పడుతూ ముప్పై ఏళ్లు బతికారట. ఆ మాటలన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకో సంగతి. సమాధి వెతికిపెడతామని డబ్బు అడిగేవాళ్లు ఉన్నారు. ఒక కుటుంబం అడ్వాన్సు కట్టి, ఎవరిదో గుర్తు తెలియని సైనికుడి పలక ఫొటో తెచ్చుకుంది. కూలీ సమాధి పేరుతో సహా దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: తాత సైన్యంలో ఉండి మలయాలో కనబడకుండా పోయాడు, ఆయన పేరూ ఇక్కడే ఉంటుంది.

ఉండే అవకాశం చాలా తక్కువ. ఇక్కడ ప్రవేశ మండపంలో అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 పేర్లు మాత్రమే ఉన్నాయి. మలయా, సింగపూర్‌లలో పోయి సమాధి తెలియని సైనికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి యుద్ధ స్మారకం గోడల మీద చెక్కారు, 24,000కు పైగా. ఈ యుద్ధ శ్మశానాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. ఇంటిపేరు ఒక్కటే కాకుండా స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి.

అపోహ: ఒక్కో స్లీపరుకు (పట్టాల కింద అడ్డంగా వేసే దుంగ) ఒక్కో ప్రాణం పోయింది.

స్లీపర్లు లక్షల్లో ఉంటాయి, పోయినవాళ్లు సుమారు లక్ష. అసలు లెక్కే సరిపడా భయంకరంగా ఉంది.

అపోహ: ఇక్కడ ఖ్వే నది మీదున్న రైలు వంతెన మొత్తం కొత్తది, 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' సినిమా కోసం కట్టింది.

సినిమా తీసింది శ్రీలంకలో. ఇక్కడి వంతెనలో వంపు తిరిగిన ఇనుప భాగాలు యుద్ధకాలానివే. బాంబులకు పోయిన మధ్య భాగాన్ని తర్వాత కట్టారు, అందుకే అది నలుచదరంగా ఉంటుంది.

మైల, పిల్లలు, మట్టి

శ్మశానం కదా అని టెన్షన్ పడేవాళ్లను నేను తప్పుపట్టను. లోపల పచ్చిక, పూల మొక్కలు, వరుసగా పొట్టి రాళ్ల మీద కంచు పలకలు. ఒక్కో పలక మీద పేరు, వయసు, కొన్నింటి మీద ఇంటివాళ్లు రాయించిన ఒక వాక్యం. ఇరవై మూడు, ఇరవై అయిదు... వయసులు చదువుతూ పోతే పిల్లలు వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు. ఇంటికెళ్లి స్నానం చేయడం మీ ఇష్టం. ఇంటికి తీసుకెళ్లడానికి మట్టి మాత్రం ఇక్కడ తవ్వకండి. అది ఎవరో ఒకరు పడుకున్న చోటు.

కూలీల కోసం వచ్చినవాళ్లు దగ్గర్లోనే ఉన్న వాట్ తవోర్న్ గుడికి వెళ్లండి. అక్కడ పేరు తెలియని ఆసియా కూలీల స్మారక స్థూపం ఉంది. టూరు బస్సులు అక్కడ ఆగవు, ముందే అడగాలి. మామ్మగారిని అక్కడికి తీసుకెళ్లాను. సంచిలోంచి బియ్యం, బెల్లం ముక్క తీసి స్థూపం అంచున పెట్టారు. తర్వాత రెండు ఖ్వే నదులు కలిసే చోటికి వెళ్లి, మనవడి చేత నువ్వులు, నీళ్లు విడిపించారు. తండ్రి పేరు మూడుసార్లు గట్టిగా పలికారు. గోత్రం గుర్తులేదన్నారు, ఎస్టేట్ పేరు చెప్పారు.

మీరు బయల్దేరే ముందు మీవాళ్ల ఎస్టేట్ పేరు, కంగాణీ (కూలీల మేస్త్రీ) పేరు, కూడా వెళ్లినవాళ్ల పేర్లు ఇంట్లో ఎవరికి గుర్తున్నాయో అడిగి రాసుకోండి. చెప్పగలిగినవాళ్లు చాలా కొద్దిమందే మిగిలారు.