డిస్కౌంట్ లేదన్నవాడితో బేరం

చిరంజీవులందరికీ పెద్దత్త ఆశీస్సులు.

అమ్మలూ, బెంగళూరు వైట్‌ఫీల్డ్ షోరూంలో కొత్త కారుకి ఇచ్చిన కొటేషన్ ఫొటో చూశాను. "రూపాయి కూడా తగ్గించనంటున్నాడత్తా, ఇంకెక్కడికైనా వెళ్ళనా?" అని అడిగావు. హెబ్బాళలో ఉన్న పెద్దోడు, జయనగర్‌లో ఉన్న చిన్నోడు కూడా రేపో మాపో కారు కొనేవాళ్ళే కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను. బ్యాంకులో వాహన రుణాల సీట్లో కూర్చున్నన్నాళ్ళూ ఇలాంటి కొటేషన్లు చూడడమే నా పని. పైనుంచి కింద దాకా ఓపిగ్గా చదివేవాళ్ళు మాత్రం అరుదుగా వచ్చేవాళ్ళు. అందరి కళ్ళూ నేరుగా కింద ఉన్న ఆన్‌రోడ్ మొత్తం, అంటే అన్నీ కలిపి కట్టాల్సిన అంకె మీదికే పోతాయి.

ముందుగా ఒక మాట. ఆ సేల్స్ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. గిరాకీ ఉన్న మోడల్‌కి ఎక్స్‌షోరూం ధర (రోడ్డు పన్ను, బీమా కలపకముందు బండి ధర) తగ్గించమని అతన్ని పీడించడం, వరలక్ష్మీ వ్రతం ముందురోజు కేఆర్ మార్కెట్లో కనకాంబరాలు బేరమాడడంలాంటిదే. ఆ ధర కంపెనీ పెట్టింది. డిస్కౌంట్ కూడా చాలావరకు కంపెనీ నెలనెలా ఇచ్చే స్కీమే, డీలరు తన లాభంలోంచి వదిలేది దానిమీద కొసరు. కొన్నిసార్లు ఆ కొసరు ఇవ్వాలన్నా అతని చేతిలో ఉండదు. 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే ప్రభుత్వ సంస్థ) మారుతి సుజుకికి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తాము చెప్పినదానికంటే ఎక్కువ డిస్కౌంట్ ఇచ్చే డీలర్లను ఆ కంపెనీ కట్టడి చేసిందని, మామూలు కొనుగోలుదారుల్లా మనుషుల్ని షోరూములకు పంపి మరీ పట్టుకుందని కమిషన్ తేల్చింది. కంపెనీ దానిమీద అప్పీలుకు వెళ్ళిందనుకోండి. సేల్స్ అబ్బాయి "మేనేజర్ని అడిగొస్తాను" అని లోపలికి వెళ్ళి ఒట్టి చేతులతో వచ్చాడంటే ప్రతిసారీ నాటకమే అనుకోనక్కర్లేదు.

గిరాకీ అంటే ఏమిటో మీరంతా చూశారు. కార్లలో వాడే ఎలక్ట్రానిక్ చిప్పులు దొరకని రోజుల్లో, 2021 అక్టోబరు 7న మహీంద్రా ఎక్స్‌యూవీ700 బుకింగులు తెరిస్తే మొదటి 25,000 బండ్లు 57 నిమిషాల్లో అయిపోయాయి. మరుసటి ఏడాది జూలై 30న స్కార్పియో-ఎన్‌కి అరగంటలో లక్ష బుకింగులు వచ్చాయి. ఇక 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగి, పైన ఉన్న సెస్సు కూడా పోయింది. నాలుగు మీటర్లు దాటని పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని ఇంజను ఉన్నవి ఆ లెక్కలోకి వస్తాయి. ఆ తగ్గింపు కోసం ఆగినవాళ్ళంతా దసరాకి ఒక్కసారే షోరూముల మీద పడ్డారు. అలాంటప్పుడు నువ్వు లేచి వెళ్ళిపోతానన్నా ఆపేవాడుండడు.

కాబట్టి బేరం మానకు, వేరే వరుస మీద పెట్టు. ఎక్స్‌షోరూం వరుసను వదిలేసి దాని కిందికి దిగు.

నేనైతే ముందు ఇన్సూరెన్సు మీద వేలు పెడతాను. నీ కొటేషన్లో అన్నిటికంటే లావుగా ఉన్నది అదే. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం 1000 సీసీ దాటని కారుకు మూడేళ్ళకు 6,521 రూపాయలు, 1500 సీసీ వరకు 10,640, ఆ పైన 24,596, జీఎస్‌టీ అదనం. దీంట్లో ఎవరూ తగ్గించలేరు. తేడా అంతా రెండో ముక్కలో, అంటే మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే ఏడాది బీమాలోనూ, దాని మీద పేర్చే జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కోసుకోకుండా ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్‌వాయిస్ (బండి పూర్తిగా పోతే కొన్న ధర ఇచ్చేది) లాంటి అదనాల్లోనూ ఉంటుంది. బయట ఒకటి రెండు కంపెనీల దగ్గర అదే వేరియంట్‌కి, అవే అదనాలతో, అదే ఐడీవీతో రేటు తీసుకో. ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే వచ్చే సొమ్ముకు ఆధారం. కొత్త బండికి ధరలో 95 శాతం దాకా ఉండాలి. దాన్ని కిందికి లాగి ప్రీమియం తక్కువని చూపించేవాళ్ళు డీలర్లలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఐడీవీ చూశాకే ప్రీమియం చూడు.

"ఇన్సూరెన్సు మా దగ్గరే తీసుకోవాలి, లేకపోతే బండి లేదు" అంటే అది నిబంధనలు ఒప్పుకోని మాట. బీమా ఎక్కడ తీసుకోవాలో నీ ఇష్టం. ఇలా అన్నందుకు గొడవకు దిగక్కర్లేదు. బయటి రేటు అతని ముందు పెట్టి, "ఇంతకు మీరే ఇస్తే మీ దగ్గరే తీసుకుంటాను బాబూ" అను. ఎందుకంటే దాని మీద వచ్చే కమీషను అతనికి కావాలి. షోరూం దగ్గర తీసుకున్నందుకు నీకూ కొంత సుఖం ఉంది, రేపు బంపరు గీసుకుంటే క్లెయిము పని వాళ్ళే చూసుకుంటారు. ఆ సుఖానికి రెండు మూడు వేలు ఎక్కువివ్వచ్చు, ముప్ఫై వేలు కాదు.

తర్వాతది యాక్సెసరీస్. గిరాకీ ఉన్నప్పుడు "ఎసెన్షియల్ కిట్ కంపల్సరీ" అనే మాట పుట్టుకొస్తుంది. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు, ఏదో ఒక కోటింగు. ధర మీద పైకం అడగలేనివాళ్ళు దాన్ని ఈ దారిలో రాబడతారు. ఏది కావాలో నువ్వే వరుసగా రాసిచ్చి మిగతావి కొట్టేయించు. మ్యాట్లూ కవర్లూ జేసీ రోడ్డులో దొరుకుతాయి, బేరం కూడా బాగా నడుస్తుంది. వైరు కోసి బిగించేవి మాత్రం బయట వేయించకు, కరెంటు వైపు ఏదైనా పాడైతే వారంటీ కింద చూడరు. ఇక నీ కాగితంలో "హ్యాండ్లింగ్ ఛార్జెస్" అని ఒక వరుస ఉంది. యార్డు నుంచి షోరూంకి బండి తెచ్చే ఖర్చు నీది కాదు. అది తీసేయమని మర్యాదగా, రెండుసార్లు చెప్పు. మొదటిసారి ఎవరూ వినరు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం తీసుకో అంటాను. దాంట్లో వాళ్ళకీ కొంత మిగులుతుంది, నీకూ పనికొస్తుంది. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవాలి. "వారంటీ మీ దగ్గర తీసుకుంటాను, లోను కూడా మీరు చెప్పిన బ్యాంకు వైపు చూస్తాను, హ్యాండ్లింగూ కిట్టూ తీసేయండి" అంటే అతను మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. ఊరికే తగ్గించమంటే వాళ్ళ మేనేజరు దగ్గర అతనికి నోరు లేవదు.

లోను సంగతి నాకు తెలిసినంత మీకు రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది. ఒక్కటే చెబుతాను. షోరూంలో కూర్చునే బ్యాంకు అబ్బాయి ఇచ్చే రేటూ, మీ జీతం పడే బ్యాంకు ఇచ్చే రేటూ ఒకే రోజు అడగండి, ప్రాసెసింగు ఫీజు, ముందుగా తీర్చేస్తే పడే ఛార్జీ కలిపి. ఈఎంఐ తక్కువ అని చూపిస్తే ఎన్ని నెలలకో చూడండి.

పెద్దోడా, పాత కారు ఎక్స్‌ఛేంజికి ఇద్దామనుకుంటున్నావు కదా. ముందు బయట ఎంత పలుకుతుందో తెలుసుకునే షోరూంలో అడుగు పెట్టు. ఎక్స్‌ఛేంజి బోనస్ వేరు, పాత బండికి కట్టిన ధర వేరు. రెంటినీ కలిపేసి ఒకటే అంకె చెబితే విడదీసి రాయమను. బోనస్ పదిహేను వేలిచ్చి బండి ధరలో ముప్ఫై వేలు కోసుకోవడం చాలా మామూలు.

ఇప్పుడు పన్ను. ఇది బేరం లేని వరుస, కానీ వేరియంట్ ఎంచుకునేటప్పుడు దీన్నే చూడాలి. కర్ణాటకలో లైఫ్ టైం ట్యాక్సు (బండికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) ధరను బట్టి మారుతుంది. 5 లక్షలు దాటి 10 లక్షల వరకు 14 శాతం, 10 దాటితే 17, 20 దాటితే 18, పైన సెస్సు వేరే. ఆ శాతం దాటిన ముక్క మీద కాదు, మొత్తం ధర మీద పడుతుంది. 9 లక్షల 95 వేల బండికి పన్ను 1,39,300. సన్‌రూఫ్ కోసమో పెద్ద టచ్ స్క్రీన్ కోసమో ఇంకో 15 వేలు పెట్టి 10 లక్షల 10 వేల బండి ఎక్కితే పన్ను 1,71,700. సన్‌రూఫ్ 15 వేలకి కాదమ్మా వచ్చింది, 47 వేల పైమాటకి వచ్చింది. ఈ లెక్క షోరూంలో ఎవరూ వేసి చూపించరు. బెంగళూరు ఎండకి సన్‌రూఫ్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు, అది వేరే సంగతి. వేరే రాష్ట్రం అడ్రసు మీద నంబరు తీసుకో, పన్ను కలిసొస్తుంది అని సలహాలిచ్చే స్నేహితులు మీకు చాలామంది. బండి ఒక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను. కేఏ-53 (కేఆర్ పురం ఆర్‌టీఓ) పరిధిలో ఉండేదానివి కేఏ-53 లోనే తీసుకో.

వేరియంట్ దగ్గరే అసలు బేరం ఉంది. ఒక మోడల్‌కి గిరాకీ ఉందంటే దానిలో ప్రతి బండికీ ఉందని కాదు. ఆటోమేటిక్‌కి నెలలకొద్దీ వెయిటింగ్ ఉంటే, అదే కారు మాన్యువల్, ఎవరూ అడగని రంగులో, యార్డులో దుమ్ము పట్టి ఉండచ్చు. "మీ దగ్గర ఇప్పుడు ఏమేం స్టాకు ఉంది? ఎవరైనా క్యాన్సిల్ చేసిన బండి ఉందా?" అని అడుగు. క్యాన్సిల్ అయిన బండి అంటే డీలరు డబ్బు దాంట్లో ఇరుక్కుని ఉందన్నమాట. రంగు మీద పట్టు వదులుకున్నవాడికే అక్కడ ఏదైనా వస్తుంది. ఒక షోరూంలో లేనిది ఇంకో షోరూంలో ఉండచ్చు, డీలరుకో అలాట్‌మెంటు. హోసూరు రోడ్డులో అడిగి, మైసూరు రోడ్డులోనూ అడుగు. ట్రాఫిక్‌కి భయపడి ఫోన్లో అడిగినా సరే, కొటేషన్ మాత్రం రాతలో పంపమను.

కాలం కూడా చూసుకోవాలి. మనవాళ్ళూ కన్నడంవాళ్ళూ ఆషాఢంలో బండి ఇంటికి తెచ్చుకోరు. షోరూములు అప్పుడే కాస్త ఖాళీగా ఉంటాయి, సేల్స్ అబ్బాయి కుర్చీ వేసి కాఫీ ఇస్తాడు. మాటలన్నీ ఆషాఢంలో పూర్తి చేసి, బుక్ చేసి, శ్రావణంలో డెలివరీ తీసుకో. డిసెంబరులో ఆ ఏటి బండ్లు వదిలించుకోవాలని తొందరపడతారు, అప్పుడూ ధనుర్మాసమని మనవాళ్ళు వెనకాడతారు. పట్టింపు లేకపోతే అది మంచి నెలే, కాకపోతే మళ్ళీ అమ్మేటప్పుడు బండి ఏడాది పాతదిగా లెక్కకొస్తుంది. ఆయుధపూజ రోజే డెలివరీ కావాలని మాత్రం పట్టుబట్టకండి. ఆ రోజు వాళ్ళకు పూలదండలు వేయడానికే తీరిక ఉండదు, మీకు బండి చూపించే తీరిక ఎక్కడిది?

బుకింగు కాగితం చదువు. చాలా కంపెనీల ఫారంలో, బండి ఇన్‌వాయిస్ చేసిన రోజు ఉన్న ధరే వర్తిస్తుందని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆరు నెలలు ఆగి, ఈలోపు ధర పెరిగితే పెరిగిందే కట్టాలి. రశీదు తీసుకో, కంపెనీ సిస్టమ్‌లో పడిన బుకింగ్ నంబరు అడుగు, క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగిస్తారో రాయించుకో. ఒప్పుకున్న తగ్గింపులు, తీసేసిన కిట్టు, ఇన్సూరెన్సు అంకె అన్నీ ఒక మెయిల్లోనో వాట్సాప్‌లోనో అతని చేతే పంపించు. డెలివరీ నాటికి ఆ అబ్బాయి వేరే షోరూంకి మారిపోయి ఉంటాడు. "మాదీ హిందూపురమేనక్కా" అన్నాడని రాతకోతలు వద్దనుకోకండి. ఈ ఊళ్ళో సగం షోరూముల్లో తెలుగు పిల్లలే ఉన్నారు, మంచి పిల్లలే. కానీ ఇచ్చే మాట వాళ్ళది, డబ్బు లెక్క యజమానిది.

రిజిస్ట్రేషన్‌కి ముందే, మొత్తం డబ్బు కట్టకముందే, యార్డుకి వెళ్ళి నీ బండి పగటి వెలుతురులో చూడు. ఛాసిస్ నంబరు ఫొటో తీసుకుని ఇన్‌వాయిస్‌తో, బీమా కాగితంతో సరిపోల్చు. ఏ నెలలో తయారైందో ఆ నంబరు నుంచే తెలుస్తుంది, అడిగితే చెబుతారు. ఓడోమీటరు, టైర్లు, అద్దాలు, తలుపుల అంచుల్లో రంగు చూడు. నంబరు పడ్డాక ఏ గీత కనిపించినా "టచప్ చేయిస్తాం మేడం" అంటారు, అంతకుముందైతే వేరే బండి అడగచ్చు.

ఒకవేళ 10 లక్షలు దాటిన బండే కొంటే, ఇన్‌వాయిస్‌లో 1 శాతం టీసీఎస్ కనిపిస్తుంది. అది ఖర్చు కాదు, నీ పేరు మీద కట్టిన ఆదాయపు పన్ను. బండి ఎవరి పేర ఉందో వాళ్ళ పాన్ నంబరే ఇవ్వండి, మీ నాన్న పాన్ కాదు. డీలరు దగ్గర టీసీఎస్ సర్టిఫికెట్ తీసుకో, ఆదాయపు పన్ను పోర్టల్‌లో నీ పేర పడిందో లేదో చూసుకుని, జూలైలో రిటర్ను వేసేటప్పుడు కలుపు. పది పన్నెండు వేలు. నా దగ్గరికొచ్చినవాళ్ళలో చాలామంది దాన్ని వదిలేశారు.

ఇట్లు
మీ పెద్దత్త