కీబోర్డు మీద అంటించిన సరిగమలు: స్వరస్థానాల గురించి అపోహలు - వాస్తవాలు

సంగీతం నేర్పేటప్పుడు నేను తరచు చూసే దృశ్యం ఒకటుంది. ఇంట్లో చిన్న కీబోర్డు, దాని తెల్ల మెట్ల మీద వరసగా స, రి, గ, మ అని రాసి అంటించిన చీటీలు. పిల్లలకు సులువవుతుందని పెద్దవాళ్లు ప్రేమగా చేసే పనే అది. అయినా ఆ చీటీలు తీయించాకే పాఠం మొదలుపెడతాను.

అపోహ: ‘స’ అంటే కీబోర్డులో సి మెట్టు.

సి, డి, ఇ అనేవి మెట్ల పేర్లు. స, రి, గ అలాంటివి కావు, అవి చుట్టరికాల్లాంటి వరసలు. ఒకే మనిషి మీకు మామయ్య, మీ అబ్బాయికి తాతయ్య. మనిషి మారలేదు, ఎవరి వైపు నుంచి పిలుస్తున్నామన్నది మారింది. స్వరమూ అంతే. షడ్జమం (స) ఎక్కడ పెట్టుకున్నామో దాన్ని బట్టే మిగతావాటికి పేర్లు వస్తాయి. మీ షడ్జమం సెకనుకు 240 కంపనాలైతే పంచమం (ప) 360 దగ్గర, తార షడ్జమం (పై స) 480 దగ్గర పలుకుతాయి. షడ్జమాన్ని 300కి జరిపితే పంచమం 450 అవుతుంది. అంకెలు మారినా ఒకటికి ఒకటిన్నర అనే బంధం మారదు.

నమ్మకం కుదరకపోతే నల్ల మెట్ల దగ్గరికి రండి. తెల్లవాటిని ముట్టుకోకండి. మూడు నల్ల మెట్లు గుంపుగా ఉన్నచోట మొదటిదాన్ని ‘స’ అనుకుని, వరసగా ఐదు వాయించి పై ‘స’ చేరండి. మోహన రాగం వినిపిస్తుంది. ఆ గుంపులో రెండోదాన్ని ‘స’ చేసుకుంటే మధ్యమావతి, మూడోదాన్ని చేసుకుంటే హిందోళం. పక్కనున్న జంట మెట్లలో మొదటిదైతే శుద్ధ సావేరి, రెండోదైతే శుద్ధ ధన్యాసి. ఉన్నవి అవే ఐదు మెట్లు, పుట్టినవి ఐదు రాగాలు. ఇలా ‘స’ను జరిపి కొత్త రాగం రాబట్టడాన్నే గ్రహభేదం అంటాం. వెనక మోగే తంబురాలో కూడా షడ్జమాన్ని మార్చుకుంటూ వాయించండి, తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఎన్నేళ్లుగా చూపిస్తున్నా, హిందోళం దగ్గరికి వచ్చేసరికి పిల్లల కళ్లు పెద్దవవడం చూస్తే నాకు ఆనందమే.

చీటీలతో ఇంకో చిక్కుంది. సి నుంచి తెల్ల మెట్లు వరసగా వాయిస్తే వచ్చేది శంకరాభరణ రాగం స్వరాలు. మన తొలి పాఠాలైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. అందులో రి, ధ రెండూ నల్ల మెట్ల మీద పడతాయి. పాప నోటితో ఒక రి పాడుతుంటే చెయ్యి ఇంకో రి వాయిస్తుంది. చివరికి తనకే చెవి లేదనుకుని టెన్షన్ పడుతుంది.

అపోహ: ఐదోది కాబట్టే పంచమం.

ఏడూ ఉన్న వరసలో ఐదోదే. మోహనంలో మధ్యమం (మ) లేదు కాబట్టి ప నాలుగోదిగా వస్తుంది, అయినా పంచమమే. హిందోళంలో ప అసలే లేదు.

అపోహ: స్వరాలు ఏడే, కాబట్టి స్థానాలూ ఏడే.

స్థానాలు 12, పేర్లు 16. స, ప కదలవు. మధ్యమానికి రెండు రూపాలు, రి, గ, ధ, ని ఒక్కోదానికి మూడేసి. లెక్క ఎక్కడ పెరిగిందంటే, నాలుగు స్థానాలకు రెండేసి పేర్లున్నాయి. ఖరహరప్రియ రాగంలో సాధారణ గాంధారం (గ రెండో రూపం) పలికే చోటే నాట రాగంలో షట్శ్రుతి రిషభం (రి మూడో రూపం) పలుకుతుంది. నాటలో గాంధారం ఇంకా పైన, అంతర గాంధారంగా (గ మూడో రూపం) ఉంది. అందుకని కింది చోటు రిషభానిదైంది. ఈ పదహారు పేర్ల మీదే 72 మేళకర్తల (ఏడు స్వరాలూ ఉండే మూల రాగాల) పథకం నిలబడింది.

అపోహ: సరైన మెట్టు నొక్కితే స్వరం వచ్చేసినట్టే.

తోడి రాగంలో గాంధారం వాయించి చూడండి. మెట్టు మీద అది కదలకుండా నిలబడుతుంది. గాత్రంలో అది కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతూ పలుకుతుంది. ఆ ఊపు లేకపోతే స్థానం సరిగ్గా ఉన్నా తోడి అనిపించదు. ఇది గురువు దగ్గర విని, వెంట పాడి నేర్చుకోవాల్సిందే.

అపోహ: ఎంత పై శ్రుతిలో (అంటే ఎంత పైన షడ్జమం పెట్టుకుని) పాడితే అంత గొప్ప.

కాదు. కింద మంద్ర పంచమం (కింది ప) వినబడేలా పలకాలి, పైన తార పంచమం (పై ప) గొంతు నలపకుండా అందాలి. ఆ రెండూ కుదిరేదే మీ శ్రుతి. మగవాళ్లలో చాలామంది ఒకటి (సి), రెండు (డి) శ్రుతుల మధ్య, ఆడవాళ్లు ఐదు (జి), ఆరు (ఎ) శ్రుతుల మధ్య పాడతారు. ఐదున్నర శ్రుతిలో, అంటే జి, ఎ మధ్య నల్ల మెట్టును షడ్జమం చేసుకుని పాడే అమ్మాయికి మాయామాళవగౌళ స, మ, ప నల్ల మెట్ల మీద, మిగతా నాలుగూ తెల్ల మెట్ల మీద వస్తాయి. ఇంట్లో అంటించిన చీటీల్లో ఒక్కటీ ఆమెకు పనికిరాదు.

చీటీ ఉండాల్సిందే అనుకుంటే ఒక్కటే అంటించండి, మీ బిడ్డ షడ్జమం దగ్గర. అది కూడా తేలిగ్గా ఊడొచ్చేలా. మగపిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు గొంతు మారుతుంది, అప్పుడు దాన్ని ఇంకో మెట్టు మీదికి మార్చాలి.