ఇంజను ఒక ఊళ్లో, డ్రైవరు మరో ఊళ్లో

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగిన ప్రయోగం ఇది. వారెన్ పట్టణంలోని సైనిక పరిశోధనశాలలో, కదిలే కుర్చీలో కూర్చున్న డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కాడు. ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో బిగించి ఉన్న అసలు సిసలు డీజిల్ ఇంజను గర్జించింది. మధ్యలో ఉండవలసిన వాహనం మాత్రం కంప్యూటర్‌లోని సమీకరణాలే. ఇలా సగం ఇనుముతో, సగం లెక్కలతో బండిని పరీక్షించడాన్ని హార్డ్‌వేర్-ఇన్-ది-లూప్ సిమ్యులేషన్ అంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టుల్గా ఎర్సాల్, జెఫ్రీ స్టైన్ బృందం దాన్ని ఇంటర్నెట్ మీద రెండు ఊళ్లకు పంచింది. భారీ యంత్రాలను లారీకెక్కించే పని తప్పింది, బాగానే ఉంది. వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే పేచీ.

ఇంటర్నెట్ కబుర్లను మోసే గాజు తీగలో కాంతి ఒక మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. రెండు చోట్ల మధ్య 3,000 కిలోమీటర్ల దూరం ఉందనుకుంటే రానూపోనూ కనీసం 30 మిల్లీసెకన్లు. దారిలో రౌటర్ల దగ్గర పడిగాపులు అదనం, అవీ ప్రతిసారీ ఒకేలా ఉండవు. వీడియో కాల్‌లో ఇది ఎవరికీ పట్టదు. యంత్రానికి పడుతుంది. సెకనుకు ఒకసారి ఊగే కదలికకు 50 మిల్లీసెకన్లంటే ఊపులో ఇరవయ్యో వంతు. సెకనుకు ఐదుసార్లు ఊగేదానికి అదే ఆలస్యం ఏకంగా పావు ఊపు.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. ఒక స్ప్రింగును తీగకు అవతల పెట్టామనుకుందాం. సాగదీస్తున్నప్పుడు దానికి పాత కబురే తెలుసు కనుక, లాగవలసినదానికన్నా తక్కువగా వెనక్కి లాగుతుంది. వదులుతున్నప్పుడు ఇంకా సాగి ఉన్నామనుకుని ఎక్కువగా లాగుతుంది. అంటే ప్రతి ఊపులోనూ ఎవరూ ఇవ్వని శక్తి కాస్త పుట్టుకొస్తుంది! ఘర్షణ దాన్ని మింగలేకపోతే ఊపు పెరిగి పెరిగి వ్యవస్థ అదుపు తప్పుతుంది.

దీనికి మందు దూరనియంత్రిత రోబోలవాళ్లు ముందే కనిపెట్టారు. 1989లో ఆండర్సన్, స్పాంగ్, 1991లో నీమైయర్, స్లోటిన్ చూపిన పద్ధతిలో బలాన్ని, వేగాన్ని విడివిడిగా కాక, కలగలిపి తరంగంలా పంపుతారు. ఆలస్యం మారకుండా ఉన్నంతకాలం తీగ దొంగశక్తిని పుట్టించలేదు. అయితే అదుపు తప్పకపోవడం వేరు, నిజం చెప్పడం వేరు. ఇంజనుకూ చక్రాలకూ మధ్య మెత్తటి దిండు పెట్టినట్టు బండి చక్కగా నడవవచ్చు. అది మనం పరీక్షించదలచిన బండి కాదు.

నాకు ముచ్చటగా తోచిన ఉపాయం చాలా సాదాది: బండిని రెండు ఊళ్లకు పంచేటప్పుడు ఎక్కడ కోయాలో, తీగ మీద ఏ కబురు పంపాలో చూసుకుని కోయడం. బరువైన బండి వేగం నిదానంగా మారుతుంది కాబట్టి ఆలస్యమైన కబురు కూడా పెద్దగా తప్పు కాదు. క్షణక్షణం అదిరే టార్కును, అంటే ఇంజను తిప్పే బలాన్ని పంపితే మాత్రం తీగ దాన్ని వికృతం చేస్తుంది. మరో దారి, ఒకే పరుగును మళ్లీ మళ్లీ నడిపి, నిన్నటి తప్పుతో నేటి సంకేతాన్ని ముందే సవరించడం. డ్రైవరు ముందే రాసిపెట్టిన ప్రోగ్రామైతే ఇది భేషుగ్గా పనిచేస్తుంది.

మనిషి కూర్చుంటేనే తంటా. ఒకే దారిలో రెండుసార్లు ఒకేలా నడిపేవాడెవడు? అందుకే ఇంటర్నెట్‌తో కొన్ని పరుగులు, అది లేకుండా కొన్ని పరుగులు తీసి, రెండు గుంపులనూ గణాంకాలతో పోలుస్తారు. నెట్‌వర్క్ తెచ్చిన తేడా డ్రైవరు సహజంగా చేసే తేడాల్లో కలిసిపోయిందా, పైకి తేలిందా అన్నదే అప్పుడు వెతికేది.