మంచు దేశంలో బెజవాడ వంటిల్లు: కొత్త జంటల ఆరోగ్య లక్ష్యాలపై అపోహలు - వాస్తవాలు

డిసెంబరు సగానికి వచ్చిందంటే నా కన్సల్టేషన్ల వేళలు మారిపోతాయి. విజయవాడలో ఉదయం ఏడు గంటలైతే షికాగోలో ముందురోజు సాయంత్రం ఏడున్నర. పెళ్లయి ఏడాదో రెండేళ్లో అయిన జంటలు పని ముగించుకుని ఒకే ఫోను ముందు ఒదిగి కూర్చుంటారు. వెనక కిటికీ అవతల మంచు కురుస్తూ ఉంటుంది. చేతిలో జాబితా సిద్ధం: జనవరి 1 నుంచి అన్నం మానేయాలి, రాత్రికి ఓట్స్, రోజూ జిమ్, నెలకు ఐదు కిలోలు తగ్గాలి.

పోషకాహార నిపుణురాలిగా నాకు ఆ జాబితాతో ఒకటే పేచీ. అందులోవన్నీ విజయవాడ మొగల్రాజపురంలో కూర్చుని కూడా రాసుకోగలిగినవే. వాళ్లు ఉంటున్న చోటు ఆ కాగితం మీద ఎక్కడా కనిపించదు. వండుకునేది బెజవాడ వంట, బతుకుతున్నది మంచులో. ఈ రెంటి మధ్య ఏం తగ్గిపోతోందో చూసుకోకుండా ముందుగా అన్నం గిన్నె మీద పడతారు.

అపోహ: మనం ఎండలో పుట్టి పెరిగినవాళ్లం, డి విటమిన్‌కు లోటు ఉండదు. కిటికీ దగ్గర కాసేపు ఎండ కాచుకుంటే చాలు.

వాస్తవం: చర్మం డి విటమిన్ తయారు చేసుకోవాలంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు తగలాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. అద్దం వెనక కూర్చుంటే ఒళ్లు వెచ్చబడుతుంది, అంతే. బయట నిలబడినా చలికాలపు నెలల్లో పెద్దగా లాభం లేదు. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. 42 డిగ్రీల దగ్గరున్న బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు కిందికి వాలి ఉండటం వల్ల, చర్మంలో ఈ విటమిన్ తయారీ దాదాపు ఆగిపోతుందని పరిశోధకులు 1980లలోనే చూపించారు. షికాగో కూడా ఇంచుమించు అదే వరుసలో ఉంది, టొరంటో ఇంకాస్త పైన. మన చామనఛాయ చర్మానికి మామూలు రోజుల్లోనే తెల్ల చర్మం కంటే ఎక్కువసేపు ఎండ కావాలి. పైగా ఏసీ గదుల్లో చదివి, ఏసీ గదుల్లో ఉద్యోగం చేసిన పిల్లలు చాలామంది విమానం ఎక్కేనాటికే లోటుతో ఉంటారు.

ఇక్కడినుంచి తల్లిదండ్రులు చేసే పని ఒకటుంది. పచ్చళ్ల పార్శిల్‌లో 60,000 యూనిట్ల డి విటమిన్ పొట్లాలు కూడా పెట్టి పంపుతారు. అది సాధారణంగా లోటు ఉన్నవారికి డాక్టరు వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలకే రాసే మోతాదు. దాన్ని రోజూ వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల మీద పడుతుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 600 యూనిట్లు. డాక్టరు చెప్పకుండా 4,000 దాటకూడదు. ఆ దేశంలో ఏ మందుల దుకాణంలోనైనా చిన్న మోతాదు మాత్రలు దొరుకుతాయి. ముందు ఒక రక్తపరీక్ష, తర్వాత మాత్ర. కెనడాలో పాలకు డి విటమిన్ కలపడం తప్పనిసరి. అమెరికాలో కూడా ఎక్కువ పాల డబ్బాల్లో కలుపుతారు, డబ్బా మీద చూసుకోండి. ఆ పాలు తోడు పెట్టుకుంటే పెరుగు ద్వారా కూడా అందుతుంది. కొనే పెరుగు డబ్బాలన్నిటిలో కలిపి ఉండదు.

అపోహ: ఫోలిక్ యాసిడ్, అయోడిన్ లాంటివి గర్భం వచ్చాక చూసుకోవచ్చు.

వాస్తవం: వీళ్ల జాబితాలో నేను మొదట చేర్చేది ఇదే. శిశువు వెన్నుపాము, మెదడుగా మారే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. అందుకే పిల్లల్ని కనాలనుకునే స్త్రీ కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. మూర్ఛ మందులు వాడేవారికీ, మధుమేహం ఉన్నవారికీ మోతాదు మారవచ్చు, అది డాక్టరు చెప్పాలి.

ఇందులో మన వంటింటికి సంబంధించిన మెలిక ఉంది. అమెరికాలో 1998 నుంచి బ్రెడ్డు, పాస్తా వంటివాటికి వాడే, 'ఎన్‌రిచ్డ్' అని రాసి అమ్మే శుద్ధిచేసిన పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. అక్కడివాళ్లకు తెలియకుండానే అది కొంత అందుతూ ఉంటుంది. మన జంట ఇండియన్ స్టోరుకు వెళ్లి సన్నబియ్యం సంచి, గోధుమపిండి సంచి తెచ్చుకుంటారు. వాటిలో సాధారణంగా అది కలిపి ఉండదు. దేశం మారినా ఆ దేశపు ఏర్పాటు వీళ్ల కంచందాకా రాదు.

ఉప్పు సంగతీ అంతే. మన దేశంలో నేరుగా తినే ఉప్పుకు అయోడిన్ ఉండాలని 2006 నుంచి చట్టం ఉంది కాబట్టి మనం డబ్బా తిప్పి చూడం. అమెరికాలో రెండు రకాలూ పక్కపక్కనే అమ్ముతారు. అయోడిన్ లేని ఉప్పు మీద అది లేదని రాసి ఉంటుంది కూడా. కొత్త సంవత్సరం సంకల్పం పేరిట గులాబీరంగు హిమాలయ ఉప్పుకు మారే ముచ్చట ఒకటి ఈ మధ్య ఎక్కువైంది. అందంగానే ఉంటుంది. పిల్లల్ని కనాలనుకునే ఇంట్లో మాత్రం అయోడిన్ కలిపిన మామూలు తెల్ల ఉప్పే ఉండాలి.

అపోహ: అన్నం మానేసి చపాతీ తింటే బరువు తగ్గుతారు.

వాస్తవం: వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు. వంద గ్రాముల గోధుమపిండిలో సుమారు 340. గోధుమలో పీచు, ప్రొటీను కొంత ఎక్కువ, ఆ మాట నిజమే. కానీ నాలుగు చపాతీలు, వాటి మీద నూనె, పక్కన బంగాళదుంప కూర అయ్యాక ఆ తేడా ఏమీ మిగలదు. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని సంబరపడేవాళ్లకు ఒక సంగతి: పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ కరిగిపోతుంది, దానితోపాటు పట్టి ఉన్న నీరూ పోతుంది. మళ్లీ ఒకరోజు పులిహోర తింటే ఆ బరువు తిరిగి వచ్చేస్తుంది.

మన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం. దాన్ని తిట్టుకుంటూ ఓట్స్ మింగడం నాకు నచ్చదు. అన్నం ఒక కప్పుకు తగ్గించి, పప్పు పెంచి, కంచంలో సగం కూర ఉండేలా చూసుకోమంటాను. మంచులో కూరగాయల కోసం బయటికి వెళ్లడం కష్టమంటారు. గడ్డకట్టించి అమ్మే బెండకాయ, చిక్కుడు, పాలకూర నిశ్చింతగా కొనుక్కోండి. కోసిన కొద్ది గంటల్లోనే వాటిని గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు తాజా కూరగాయలతో దాదాపు సమానంగా నిలుస్తాయి.

పొద్దున్నే నిమ్మరసం, తేనె తాగితే ఒంట్లో విషాలు పోతాయా? ఆ పని కాలేయం, మూత్రపిండాలు జీతం అడగకుండా చేస్తూనే ఉన్నాయి. పెద్ద చెంచాడు తేనెకు సుమారు 60 కేలరీలు అని మాత్రం గుర్తుంచుకోండి.

అపోహ: ఇద్దరం ఒకే తిండి, ఒకే నడక, కాబట్టి ఇద్దరం ఒకేలా తగ్గుతాం.

వాస్తవం: మగవారికి సాధారణంగా కండ ఎక్కువ, దాంతో ఒంట్లో ఖర్చయ్యే శక్తీ ఎక్కువ. జనవరి చివరికి అతను నాలుగు కిలోలు తగ్గి, ఆమె ఒకటిన్నర దగ్గర ఆగితే ఆమె తప్పేమీ లేదు. ఆమెకేమో అలా అనిపించదు, అతను నవ్వుతూ ఒక మాట అంటాడు, ఫిబ్రవరికి ఇద్దరూ మానేస్తారు. అందుకే కిలోల పోటీ పెట్టుకోవద్దంటాను. టేపుతో నడుము కొలుచుకోండి: భారతీయులకు మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటకూడదు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, విషయంలో కూడా మనకు 23 దాటగానే జాగ్రత్త మొదలవ్వాలి. ఆసియా మూలాలవారికి ఆ అంకె దగ్గరే మధుమేహ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెబుతోంది. 25 లోపు ఉన్నాం కదా అని ఊరుకోవద్దు.

అపోహ: మంచులో తిరిగితే జలుబు చేస్తుంది.

జలుబు తెచ్చేది వైరస్. తలుపులు బిగించి, పొడి గాలిలో అందరూ ఒకేచోట ఉండటం దానికి అనుకూలం. ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. చలి మరీ తీవ్రంగా ఉండి, చర్మం గడ్డకట్టే ప్రమాదం ఉందని హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం మెట్లెక్కడమో, షాపింగ్ మాల్‌లో నడవడమో మేలు.

అపోహ: ఇంటిముందు మంచు ఎత్తిపోయడం మంచి వ్యాయామం, జిమ్ ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: అలవాటున్నవారికి వ్యాయామమే. నేను భయపడేది శీతాకాలంలో కూతురి దగ్గరికి వెళ్లిన నాన్నగారి గురించి. అల్లుడుగారు కష్టపడుతుంటే చూస్తూ కూర్చోలేక పార అందుకుంటారు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడంతో గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది. ఈ పని గుండెపోటుకు దారితీయవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఏటా హెచ్చరిస్తుంది. బీపీ, షుగరు ఉన్న పెద్దలు ఆ పార ముట్టుకోవద్దు. ఏడాదంతా కుర్చీలో గడిపే అల్లుడుగారు కూడా కొంచెం కొంచెంగా, ఆగి ఆగి, ఎత్తడం కంటే తోయడం ద్వారా చేయాలి. ఛాతీలో పట్టేసినట్టుంటే వెంటనే అత్యవసర సహాయానికి ఫోను చేయాలి.

అపోహ: అమ్మాయి దిగులుగా ఉంటోందంటే ఇంటి మీద బెంగే.

వాస్తవం: బెంగ ఉంటుంది. దాంతోపాటు వెలుతురు లేమి కూడా ఉంటుంది. డిసెంబరు 21 ప్రాంతంలో విజయవాడలో పగలు సుమారు 11 గంటలు, షికాగోలో సుమారు 9. భర్త చీకటితో వెళ్లి చీకటితో వస్తాడు. డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉండే భార్య రోజుల తరబడి గడప దాటదు. విపరీతమైన నిద్ర, తీపి మీద ఆశ, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఏటా చలికాలంలోనే వచ్చి వసంతంలో పోతుంటే, అది వైద్యులు 1984లోనే పేరుపెట్టి వర్ణించిన కాలానుగుణ కుంగుబాటు కావచ్చు. పొద్దున తెల్లవారగానే ఇద్దరూ ఇరవై నిమిషాలు బయట నడవండి. మబ్బు పట్టిన ఆకాశం కూడా ఇంట్లో దీపాలకంటే ఎంతో ప్రకాశవంతం. 10,000 లక్స్ దీపం ముందు ఉదయం అరగంట కూర్చోవడం ఒక చికిత్స, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. దిగులు తగ్గకపోతే మానసిక వైద్యుల్ని కలవాలి. "ఊరికే అలా ఉంటావేమిటి" అని ఫోనులో మందలించే తల్లులు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

అపోహ: 21 రోజులు పట్టుబడితే ఏదైనా అలవాటైపోతుంది.

వాస్తవం: లండన్‌లో ఒక పరిశోధన బృందం అలవాట్లను గమనిస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజులు కూడా పట్టొచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా ఆ పరిశోధనలోనే తేలింది. జనవరి 1న మొదలుపెట్టినవారికి రెండు వారాల్లోనే సంక్రాంతి వస్తుంది, అరిసెల పార్శిల్ వస్తుంది. ఇద్దరూ చెరొకటి తినండి, మిగిలినవి పక్కింటివాళ్లకు పంచండి. బెల్లంతో చేసినవి కదా అని ఇంకోటి తీసుకోవద్దు. బెల్లంలోనూ కేలరీలు పంచదారతో దాదాపు సమానమే, అరిసె నూనెలో వేగింది కూడా. పార్శిల్ కట్టే అమ్మలకు నా మాట: అరిసెలు సగానికి తగ్గించి సున్నుండలు పెంచండి, మినుముల్లో ప్రొటీను ఉంది. ఆవకాయ చిన్న సీసా చాలు.