కోడిగుడ్ల ట్రేలతో బేస్ ఆగదు: హోమ్ స్టూడియో అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో మా స్టూడియో అంటే ఇంట్లో ఒక బెడ్‌రూమే. పొడవు పది అడుగులు, వెడల్పు పది, ఎత్తూ పదే. కింద చీమకుర్తి గ్రానైట్, చుట్టూ ఇటుక గోడలు. చర్చి పాటలు, జానపదాలు మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతు, వాయిద్యాలు కలిపి సర్దడం) చేస్తుంటాను. నెల్లూరు, కావలి నుంచి తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: గోడల నిండా ఫోమ్ (స్పాంజి) అంటిస్తే బేస్, అంటే పాటలోని లోతైన కింది శబ్దం, దారికొస్తుంది.

వాస్తవం: అంగుళం, రెండంగుళాల ఫోమ్ పీల్చేది పై శబ్దాలనే, అంటే సన్నటి వాటినే. చప్పట్లు కొడితే గది మెత్తబడినట్టు అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. పది అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుని 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర గదిలోనే నిలబడి మోగుతుంది. ఆ అల పొడవు ఇరవై అడుగులు. అంగుళం ఫోమ్ దాన్నేం చేయగలదు? పై శబ్దాలు పోయి, గుమ్మనే మోత ఒక్కటే మిగులుతుంది. మా గదిలోలాగా మూడు కొలతలూ ఒకటే అయితే మూడు వైపుల మోతా అదే 56 మీద పడుతుంది. గది ఎంచుకునే వీలుంటే ఇలాంటిది మాత్రం వద్దు.

అపోహ: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) వినిపించట్లేదంటే స్పీకర్లు చాలట్లేదు, ఈక్యూలో (ఏ శబ్దం ఎంత ఉండాలో సర్దే చోట) పెంచితే సరి.

నా మొదటి పాటకు నేనూ అదే అనుకున్నాను. కుర్చీ సరిగ్గా గది మధ్యలో ఉండేది. కిక్ పల్చగా ఉందని 56 దగ్గర 6 డెసిబెల్స్ పెంచాను. కారులో పెట్టి వింటే డోర్లు అదిరాయి, పాడిన అమ్మాయి గొంతు ఆ మోతలో మునిగిపోయింది. మర్నాడు 56 హెర్ట్జ్ టోన్ (ఒకే స్థాయిలో మోగే శబ్దం) పెట్టి గదంతా నడిచాను. మధ్యలో దాదాపు మాయం, గోడ దగ్గరికి వెళ్లేసరికి చెవులు మూసుకోవాలనిపించింది. గోడల నుంచి తిరిగొచ్చే అలలు మధ్యలో ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అక్కడ ఈక్యూ ఎంత పెంచినా స్పీకర్‌కి భారమే తప్ప ఆ లోటు పూడదు. కుర్చీని ముందు గోడకి 3 అడుగుల 10 అంగుళాల దూరానికి, అంటే గది పొడవులో 38 శాతం దగ్గరికి జరిపాను. రూపాయి ఖర్చు లేకుండా కిక్ వినిపించింది. ఆ కొలతతో మొదలుపెట్టి, మీ గదిలో విని సర్దుకోండి.

అపోహ: మూలలో చిన్న ఫోమ్ ముక్క పెడితే బేస్ ట్రాప్ (బేస్‌ని పీల్చే అమరిక) అయినట్టే.

వాస్తవం: మూల సరైన చోటే, బేస్ ఒత్తిడి ఎక్కువుండేది అక్కడే. కానీ మందం కావాలి. నేను రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన నార) పలకలు రెండేసి కలిపి, చెక్క ఫ్రేములో బిగించి, నేల నుంచి స్లాబు దాకా మూలకి అడ్డంగా నిలబెట్టాను. వెనకంతా ఖాళీ. పైన కప్పే గుడ్డ మీద నోటితో ఊదితే గాలి అవతలికి రావాలి. పని చేసేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. 56 పూర్తిగా పోలేదు గానీ, కొట్టాక సాగే మోత తగ్గి బేస్ గిటార్ నోట్లు విడివిడిగా తెలిశాయి. అమెరికా వీడియోల్లోని చెక్క, జిప్సం గోడలు కొంత బేస్‌ని బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడలు అంతగా వదలవు, అందుకే మనకు ఇంకాస్త మందం కావాలి.

ఇక కోడిగుడ్ల ట్రేలు: బేస్ పీల్చవు, పక్కింటికి శబ్దం పోకుండా ఆపవు, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. పెట్టకండి.

ఏదైనా కొనే ముందు 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా టోన్లు ఒక్కొక్కటీ పెట్టి, కుర్చీలో కూర్చుని, ఏది మాయమవుతోందో ఏది ఉబుకుతోందో కాగితం మీద రాసుకోండి. నాకు ఫోన్ చేసేటప్పుడు ఆ కాగితం, గది కొలతలు దగ్గర పెట్టుకోండి.