మెగ్నీషియం మీది తెల్లపొర: అపోహలు - వాస్తవాలు

అపోహ: అల్యూమినియంలాగే మెగ్నీషియం కూడా పొర కట్టుకుని తనను తాను కాపాడుకుంటుంది.

వాస్తవం: పొర కట్టేమాట నిజమే, కాపాడేమాటే అనుమానం. లోహాన్ని ఆనుకుని పలచగా మెగ్నీషియం ఆక్సైడ్, దానిమీద రేకులు రేకులుగా హైడ్రాక్సైడ్ ఉంటాయి. ఆక్సైడ్ ఘనపరిమాణం, అది ఏ లోహం నుంచి పుట్టిందో దాని ఘనపరిమాణంలో 0.81 వంతే. పొట్టి దుప్పటి కప్పుకున్నట్టు ఎక్కడో ఒకచోట లోహం బయటపడుతుంది. పై హైడ్రాక్సైడ్ నిలవాలంటే నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 అంటే తటస్థం) దాదాపు 10.5 ఉండాలి. తటస్థంగా ఉన్న ఉప్పునీటిలో అది కరుగుతూనే ఉంటుంది, బలహీనంగా ఉన్నచోట క్లోరైడ్ దాన్ని తెంపేస్తుంది.

తిరకాసు ఇక్కడే ఉంది. మెగ్నీషియం తినేయబడుతున్నప్పుడు నీటి నుంచి హైడ్రోజన్‌తోపాటు హైడ్రాక్సైడ్ అయాన్లూ పుడతాయి. చిన్న బీకరులో కాసిని నీళ్లు పోసి పరీక్ష పెడితే పీహెచ్ 10 దాటుతుంది, పొర నిలదొక్కుకుంటుంది, తుప్పు నెమ్మదిస్తుంది. దాన్ని మిశ్రమలోహం గొప్పతనంగా రాసేసుకుంటారు. నిజానికి అది బీకరు గొప్పతనం. పరీక్షించే లోహపు ముక్క ఉపరితలంలో ప్రతి చదరపు సెంటీమీటరుకూ కనీసం 20 మి.లీ. ద్రావణం పోయాలి, 40 అయితే ఇంకా మేలు. మొదట్లో, చివర్లో పీహెచ్ రాసిపెట్టాలి.

అపోహ: దోషమంతా ఉప్పుదే.

వాస్తవం: లోపలి దొంగ ఇనుము. ఇనుము, నికెల్, రాగి ఉన్న రేణువులు కాథోడ్లుగా (చుట్టూ ఉన్న మెగ్నీషియం వదిలే ఎలక్ట్రాన్లు చేరే చోట్లుగా) మారి హైడ్రోజన్‌ను సులువుగా వెలువరిస్తాయి. పోత పోసిన శుద్ధ మెగ్నీషియంలో ఇనుము సుమారు 170 పీపీఎం (పది లక్షల భాగాల్లో 170) దాటితే తుప్పు వేగం ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. అందుకే అల్యూమినియం, జింకు కలిపిన మెగ్నీషియం మిశ్రమలోహం ఏజెడ్91డిలో ఇనుము 0.005, నికెల్ 0.002, రాగి 0.030 శాతం మించకూడదు. మాంగనీస్ కలిపేది ఈ ఇనుమును అదుపులో పెట్టడానికే. రసాయన విశ్లేషణ లేకుండా, మిశ్రమలోహం పేరు ఒకటేనని రెండు ఫలితాలను పోల్చడం దండగ.

అపోహ: ముక్క బరువు తగ్గలేదు, కాబట్టి తుప్పు లేదు.

వాస్తవం: పొరతో కలిపి తూచారు, అంతే. లీటరు ద్రావణంలో 200 గ్రాముల క్రోమియం ట్రైఆక్సైడ్, 10 గ్రాముల సిల్వర్ నైట్రేట్ ఉండేలా కలిపి, గది ఉష్ణోగ్రత దగ్గర కొద్ది నిమిషాలు ముంచితే పొర పోతుంది, లోహం దాదాపు మిగులుతుంది. సిల్వర్ ఎందుకంటే, పొరలో ఇరుక్కున్న క్లోరైడ్‌ను అవక్షేపంగా పట్టేయడానికి. అది లేకపోతే ఆ క్లోరైడే లోహాన్ని కొరుకుతుంది, నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. ఉప్పు తగలని ముక్కను కూడా అంతే సేపు ముంచి, దాని నష్టాన్ని తీసివేయాలి. ఈ ద్రావణంలోని క్రోమియం క్యాన్సర్ కారకం. ఫ్యూమ్ హుడ్, చేతి తొడుగులు తప్పనిసరి, సింకులో పారబోయకూడదు.

సరిచూసుకోవడానికి ముక్క మీద గరాటు బోర్లించి, పైన బ్యూరెట్‌లో హైడ్రోజన్ పట్టండి. 25 డిగ్రీల దగ్గర 1 మి.లీ. వాయువు అంటే దాదాపు 1 మి.గ్రా. మెగ్నీషియం కరిగినట్టు. రోజుకు చదరపు సెంటీమీటరుకు 1 మి.గ్రా. పోతే, ఏడాదికి 2.1 మి.మీ. మందం పోయినట్టు. ముంచిన కొద్దిసేపటికే గీసిన టాఫెల్ గ్రాఫు (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచి తుప్పు వేగాన్ని అంచనా కట్టేది) చాలాసార్లు ఇంతకన్నా తక్కువ చూపిస్తుంది, దానొక్కదాన్నే నమ్ముకోవద్దు.

అపోహ: స్టీలు బోల్టు బిగించినచోట మెగ్నీషియానికి పెయింటు వేస్తే చాలు.

వాస్తవం: ఆ పెయింటు మీద ఒక్క గీత పడినా, తడిలో స్టీలుకూ మెగ్నీషియానికీ మధ్య పుట్టే విద్యుత్ ప్రవాహమంతా అక్కడే చేరి గుంత తవ్వుతుంది. ముందు పూత పడాల్సింది స్టీలుకు. రెండింటి మధ్య 6061 రకం అల్యూమినియం మిశ్రమలోహపు వాషర్, అదీ బోల్టు తల కన్నా కొన్ని మి.మీ. వెడల్పుగా.